క్వార్టర్ సీసా

నాలుగింటికి నాకు అలారం అక్కర్లేదు.
పటమటలంకలో మసీదు మైకు గొంతు సవరించుకోకముందే
కాళ్లు చాప మీద వేళ్లు విరుచుకుంటాయి.
రాత్రి తోడేసిన అన్నం
గిన్నెలో పాలు పీల్చి ఉబ్బి ఉంటుంది.
ఉల్లిపాయ కొరికి రెండు ముద్దలు, అంతే.
మూడో ముద్ద కృష్ణలంక దాటేసరికి
డొక్కలో రాయై పొడుస్తుందని
పోయినేడు నేర్చుకున్నాను.

ఆటోనగర్లో గేరుబాక్సులు విప్పుతాను.
వయసు యాభై ఒకటి. గోళ్ల కింద గ్రీజు
ఎంత పరిగెత్తినా చెమటతో పోదు.

మాది నలుగురి గుంపు.
గూడ్సు బండి నడిపే యెహోషువ
జేబులో చక్కెరకేళీలు వేసుకొస్తాడు,
తొక్క పారేయడు, మేకలకి పట్టుకెళ్తాడు.
కుట్టు నేర్పే ఖతీజా టీచరు కొంగు ముడిలో ఖర్జూరాలు.
రోజాల నెల్లో పొద్దుగుంకాక పరిగెత్తే మనిషి
"దాహం సంగతి నాకు చెప్పకండి" అంటుంది.
నున్న మార్కెట్లో మామిడికాయలమ్మే తాతబ్బాయి
శనివారం రాత్రి బిర్యానీ మానలేడు.
ఆదివారం అతని వెనక పరిగెత్తితే
యాలక్కాయ తేన్పులు.

అతనికి నాలుగు సీసాలు పట్టే నడుం బెల్టుంది,
ఖరీదు నాకు రెండు గేరుబాక్సుల కూలి.
నాకు క్వార్టర్ సీసా చాలు.
తాగేవాడి తుంటి చూసి
కొలిచి పోసినట్టుంటుంది దాని వంపు.
లేబులు గీకేశాను.
గోరువెచ్చని నీళ్లూ బియ్యపు గింజలూ పోసి
ఆడించి ఆడించి వాసన పోగొట్టాను.
మూత తిప్పితే వచ్చే కిర్రు మాత్రం పోలేదు.
అది వినగానే నా గొంతు
పాత యజమాని పిలిచిన కుక్కలా
లేచి నిలబడుతుంది.
నిమ్మకాయనీళ్లు పోసి కూర్చోబెడతాను.

ఆవేళ బ్యారేజీ మీద
లైట్లింకా ఆర్పలేదు.
పదిహేడో ఖానా దగ్గర హోంగార్డు లాఠీ అడ్డం పెట్టాడు.
"ఏంటయ్యా, తెల్లారకుండానేనా?"
"నీళ్లు సార్."
"అందరూ నీళ్లే అంటారు."
మూత తిప్పాడు.
కిర్రు.
మా ఇద్దరి కళ్లూ ఒకేసారి సీసా మూతి మీద వాలడం
ఇద్దరం చూశాం.

వాసన చూశాడు. ఎత్తాడు.
సీతానగరం మెట్ల దాకా నేను లెక్కేసుకున్న గుక్కలన్నీ
అతని గొంతులో దిగిపోతుంటే
చూస్తూ నిలబడ్డాను.
"ఉప్పెక్కువైంది" అన్నాడు మూతి తుడుచుకుంటూ.
"చెమటకి సార్."
"రాత్రంతా నిలబడితే నాకు పట్టదా చెమట?"
కింద గేటు సందులోంచి నీళ్లు జారుతున్నాయి.
"ఎన్నాళ్లైంది?"
పరుగు గురించి అడగట్లేదు.
"నాలుగేళ్ల రెండు నెలలు."
తనది చెప్పలేదు. నేనూ అడగలేదు.
సీసా మూత బిగించి
రెండు చేతులతో ఇచ్చాడు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది.
కొబ్బరిబోండాల బండి ఇంకా గోనె కప్పుకునే ఉంది.
ఖతీజా టీచరు ముడి విప్పి
ఒక ఖర్జూరం పెట్టింది.
"సీసాలో పోసుకోవడం మర్చిపోయావా?"
అవునన్నాను.

ఇంట్లో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.
మాణిక్యాంబ విని ఊరుకుంది.
ఒకప్పుడు అటక మీద, బియ్యం డబ్బాలో
వెతికి వెతికి పారబోసిన చేతులు.
వచ్చే ఆదివారానికి గట్టు మీద
రెండు సీసాలు నింపి పెట్టింది.
"ఎడం పక్కదాన్లో ఉప్పు తగ్గించాను, అల్లం దంచి వేశాను."

మూడు వారాలు తాగాడు.
నాలుగో వారం ఆ ఖానా దగ్గర
ఇంకెవరో కుర్రాడు, ఫోన్లో తల దూర్చి.
డ్యూటీ మార్చారన్నాడు. ఎక్కడికో తెలీదన్నాడు.

ఎడం సీసా
నిండుగానే ఇంటికొస్తోంది ఇప్పుడు.
ఇంటికొచ్చాక మాణిక్యాంబ మల్లెమొక్కకి పోయబోయి,
ఉప్పు గుర్తొచ్చి, తనే తాగేస్తుంది.
బరువెందుకని ఒకరోజు తీసేసి చూశాను.
బెంజి సర్కిల్ దాటకముందే
పరుగు ఓ పక్కకి ఒరిగింది.